అరువు ముక్కు

రెండు చలికాలాల కిందట జ్వరం వచ్చి, పోతూ పోతూ
నా ముక్కును వెంట తీసుకుపోయింది.
మొహం మీద ఉందిలే, కళ్ళజోడు మోయడానికి.

ముప్పై ఒక్క ఏళ్ళు మోటువేకాలో
హాప్స్ ఆరబెట్టే బట్టీలో పనిచేసినదాన్ని.
వేడి నేల మీద పరిచిన పచ్చటి మొగ్గని
వేళ్ళ మధ్య నలిపి
ఇంకో గంట అంటే ఇంకో గంటే.
థర్మామీటరు తరవాత ఒప్పుకునేది.

ఇప్పుడు అదే మొగ్గ, లోపల అదే పసుప్పచ్చ పొడి,
అరచేతిలో నలిపితే
జిగురు తెలుస్తుంది. అంతే.
గోడకి చెవి ఆనించి
పక్కింటి రేడియోలో మాటలు కాక
గోడ చల్లదనం ఒక్కటే విన్నట్టు.

అందుకని పక్కింటి ఇహాయాని పిలుస్తాను.
పదేళ్ళవాడు. ఏప్రిల్ సెలవులు.
కూలి గిన్నెడు ఫిజోవాలు.
జామకాయకి దూరపు చుట్టం అది,
కోస్తే పలకదు, తనంతట తను రాలాలి.
మా పెరట్లో కాలు పెడితే అవే.

అరవై ఆరు డిగ్రీల నీళ్ళలో బార్లీ మాల్టు గంటసేపు నానింది.
తెడ్డు తిప్పుతూ వాడు
"బిస్కెట్ డబ్బా అడుగు" అన్నాడు.
పుస్తకంలో అలాగే రాశాను.
పిప్పి కోళ్ళకి. తీపినీళ్ళు పొయ్యి మీదకి.
పొంగు అంచుదాకా వచ్చి
మంట తగ్గించగానే సిగ్గుపడి దిగింది.
చేదు కోసం చారెడు మొగ్గలు ముందే వేశాను.
మిగతావన్నీ పొయ్యి ఆర్పాకే;
పళ్ళ వాసన మరుగుడికి నిలవదు,
ఆ సంగతి ముక్కు లేకపోయినా గుర్తుంటుంది.

మూడు సంచులు వాడి ముందు పెట్టాను.
"ప్యాషన్ ఫ్రూట్ పెరుగు. మూతకి అంటుకుంటుందే, అది."
"పీచు పండు గింజ, జేబులో మర్చిపోయింది."
మూడోది తెరిచి వెంటనే మూశాడు.
"పిల్లి."
పిల్లేమిట్రా?
"పిల్లి పోసింది, నెట్టా. మా కార్పెట్ మీద."

ఇంత ముక్కుసూటివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు.
నవ్వి నవ్వి గరిటె జారవిడిచాను.
బట్టీలో మేస్త్రీ డెర్మట్‌కి నేనూ ఈ మాటే చెప్పేదాన్ని,
అతను వినీ విననట్టు
ఆ మూటలకే ఎక్కువ ధర కట్టేవాడు.
పిల్లిని కూడా కొంచెం వేశాం.

చల్లార్చి, ఈస్ట్ చల్లి, బకెట్ మూత బిగించి
బట్టలుతికే గదిలో పెట్టాను.
రాత్రంతా గాలి గొట్టం బుడుక్కు, బుడుక్కుమంటూ,
ఎవరో నిద్రలో చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు.

ఐదో రోజు రెండో విడత హాప్స్ పడాలి.
అసలు పరిమళమంతా అందులోనే.
ఇహాయా వచ్చాడు. ముక్కు ఎర్రగా,
చొక్కా చేతికి మెరుస్తూ చీమిడి.
"ఏబీ తెలీట్లేదు" అన్నాడు.

మూత తీసి ఇద్దరం వంగి చూశాం.
లోపల నురగ పొలుసులు, మసక బంగారు రంగు.
ఎంత వేయాలి?
వాడు నా వంక, నేను వాడి వంక.
చివరికి వాడివి రెండు దోసిళ్ళు, నాది ఒకటి.
గ్రాములు రాసే గడిలో
"దోసిళ్ళు, మూడు, ఒకటి పెద్దది" అని రాశాను.

సీసాకి అర చెంచా పంచదార. మూతలు. మూడు వారాలు.
కొండ మీద మొదటి మంచు కనబడిన రోజు
ఒకటి తీశాను.

నాలిక మీద చలి, గుచ్చే బుడగలు,
గొంతు మొదట్లో ఆగి వెనక్కి తిరిగి చూసే చేదు.
నా వాటా ఇంతే. తక్కువేం కాదు.

ఇహాయా చేతిలో అల్లం సోడా.
జలుబు పోయింది.
నా గ్లాసు మీదకి వంగి కళ్ళు మూశాడు.
నేను పెన్సిల్ చెక్కి కూర్చున్నాను.

నురగ సగం దిగింది.
ఏమిట్రా?
"ఉండు. తెలిసిందే.
పేరు రావట్లేదు."