పసుపు మరక

గార్బట్ మేడం గది ఖాళీ చేసే పని నాకే పడింది.
ఇరవై రెండేళ్లు ఆవిడ పెట్టెలు మోసినవాణ్ణి,
ఆఖరి పెట్టెకి వేరే మనిషెందుకు?

మిడిల్స్‌బ్రోలో నవంబరు.
నాలుగింటికే చీకటి వచ్చి కిటికీకి అతుక్కుంది.
టీస్ నది అవతల మూతబడ్డ ఫ్యాక్టరీల గొట్టాలు
చుట్ట మానేసిన ముసలాళ్లలా నిలబడున్నాయి.

బీరువాలో దొరికినవి:
మూత బిగుసుకుపోయిన సీసాలు పదకొండు,
గీతలు పడ్డ పిల్లల కళ్లద్దాలు రెండు బుట్టలు,
ఎవరిదో ఒంటి చేతి తొడుగు,
"పేలుతుందా మిస్?" అని పెన్సిలుతో రాసిన చీటీ.

పేలుతుందా.
ప్రతి శనివారం మొదటి ప్రశ్న అదే.
"చూద్దాం" అనేది తప్ప
లేదు అని ఒక్కసారీ అనలేదావిడ.

శనివారాలు మావి.
హీటరు పనిచెయ్యని యూనివర్సిటీ వ్యాను,
లైబ్రరీ వెనక గది, చర్చి హాలు,
ఒకసారైతే మూసేసిన పబ్బు.
బీరు గ్లాసుల్లోనే ఎర్ర క్యాబేజీ రసం పోశాం.
వెనిగర్ చుక్కకి గులాబీ,
బట్టల సోడాకి ఆకుపచ్చ.
మనవరాలిని తీసుకొచ్చిన ఉక్కు కార్మికుడొకాయన
గోడవార చేతులు కట్టుకుని నిలబడి
"నలభై ఏళ్లు ఆమ్లం తొట్ల పక్కనే బతికాను,
దాని రంగు నాకెవరూ చూపించలేదు" అన్నాడు.
ఆవిడ జవాబు చెప్పలేదు.
ఇంకో గ్లాసు కడిగి ఆయన చేతికిచ్చింది.

ప్రమోషన్ల కమిటీ అడిగిందట,
ఈ ఏడు పేపర్లెన్ని అని.
"ఒకటే, వడపోత కాగితం" అని చెప్పొచ్చానంది
వ్యానులో నవ్వుతూ.
చెప్పిందో, చెప్పాలనుకుందో, నేనడగలేదు.
తర్వాత రెండు సిగ్నళ్ల దాకా
వైపర్లు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు.
ఒక వారం క్యాబేజీ రసం కుళ్లిపోయింది.
హాలంతా కంపు, ముక్కులు మూసుకుని పిల్లలు బయటికి పరుగు.
ఆవిడ మెట్ల మీదికొచ్చి
"కంపు కొట్టింది అని రాయండి. తేదీ వెయ్యండి" అంది.
అంతే.

ఆ రోజే నేను ఇంటికి ఉరికి
వంటింట్లో పసుపు డబ్బా పట్టుకొచ్చాను.
ఇన్నేళ్లలో నేను నోరు విప్పి చెప్పిన పాఠం అదొక్కటే.
గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు పసుపు,
అందులో మా పెట్టెలోదే సున్నపు తేట.
గిన్నెలో ఎరుపు లేచింది.
ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక్క ఊపిరి.

"మీవాళ్లు దీన్నేమంటారు?"
"పారాణి. పెళ్లికూతురి పాదాలకి పెడతారు."
పా, రా, ణి.
టీసైడ్ యాసలో మూడు గులకరాళ్లు నమిలినట్టు పలికి
బోర్డు మీద రాసింది,
కర్కుమిన్ అణువు బొమ్మ పక్కనే,
అదే సైజు అక్షరాల్లో.
మా అమ్మ పళ్లెంలో కలిపేది కెమిస్ట్రీ అని
నాకు ముప్పై తొమ్మిదో ఏట తెలిసింది.

రాత్రి పదింటికి ఫోను.
"నా తెల్లకోటు మణికట్టు దగ్గర రక్తం!
సబ్బు పెట్టానంతే."
"సబ్బులో క్షారం ఉంటుంది కద మేడం."
అవతల నిశ్శబ్దం.
తర్వాత చిన్నపిల్ల నవ్వు.
"జాడిస్తే మళ్లీ పసుపవుతుంది.
ఎండలో ఆరేస్తే అదీ పోతుంది."
"ఎండా? ఏ ఎండ?"

నిన్న వీడ్కోలు సభలో ఎవరో పెద్దాయన
అంకెలు చదివాడు: ఎన్ని బడులు, ఎన్ని వేల మంది.
ఆవిడ చేతిసంచీలో దేనికోసమో వెతుక్కుంటూ కూర్చుంది.

కోటు మాత్రం కొక్కేనికే వదిలేసింది.
మరిచిపోయిందో, కావాలనో.
మణికట్టు దగ్గర మరక, లేత పసుపు, ఇంకా ఉంది.

పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు.
దక్షిణం కిటికీకి తగిలించాను.
బయట సన్నగా తుంపర.
రేపు పొద్దున కాస్త ఎండ రావచ్చని రేడియోలో అంటున్నారు.

చూద్దాం.