కుదురు

నాగావళిలోంచి లేచిన రోజున
తల తుడుచుకోకుండానే ఇంటికొచ్చాను.
పందొమ్మిదేళ్లు. సూరప్పడు నీళ్లలో ఉండిపోయాడు,
సీలాసు పొందూరు బస్సెక్కాడు.

ముందు గుమ్మానికున్న మామిడాకులు తెంపాను.
పచ్చివే. మేక తింది.
తర్వాత అమ్మ జడలో పువ్వులు,
తర్వాత దూలానికి వేలాడే నాన్న డప్పు.
అమ్మోరి పండక్కి మోగింది కాబట్టి
అది అమ్మోరిదే అనుకున్నాను.
తాత చావుకీ మోగింది, అక్క పుట్టినప్పుడూ,
పంచాయితీ చాటింపుకీ.
అవి లెక్కలోకి రాలేదు.
డప్పుని మంటకి కాచేది మోగడానికి.
ఆరోజు తోలు ముడుచుకుంటూ
ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది.

నాన్న పేరు గురువులు. ఆ రాత్రి
గంజన్నం తిని, చెయ్యి కడుక్కుని,
"నీ దేవుడికి సెవులు నొప్పెడతాయేట్రా?" అన్నాడు.
మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ డిసెంబరులోనే
చర్చి మూలన సరుగుడు కొమ్మ నిలబెట్టి
దానిమీద దూది పరిచాను. మంచు.
పొందూరులో, నూలు వడికే ఊళ్లో,
మా ముత్తాతల్లో ఒక్కడూ చూడని మంచు.
ఇదెక్కణ్ణించి వచ్చిందని
అయ్యగారూ అడగలేదు, నేనూ అడగలేదు.

*

సాయమ్మ మా వీధి చివర రాట్నం వడుకుతుంది.
కనబడిన ప్రతి గుడికీ దణ్ణం పెడుతుంది, మా చర్చికి కూడా.
ఇరవై రెండేళ్ల తర్వాత ఒక బుధవారం
ఆవిడ దగ్గరికి ఏదో పనిమీద వెళ్లి కూర్చుండిపోయాను.
చేతిలో వాలుగ చేప దవడ. సన్నటి పళ్లు, పసుపెక్కినవి.
కొండపత్తిని దువ్వుతోంది,
పసిదాని నెత్తిలో పేలు చూస్తున్నట్టు.
ఆకుముక్క, నలుసు, మట్టి.
తర్వాత పీటమీద ఇనప పుల్ల దొర్లించింది.
దూది అటు జారింది, గింజ ఇటు పడింది.

గింజలు పారేస్తావా అన్నాను.
"ఎవులు సెప్పినారు? వచ్చే యేటికి ఇత్తనం అదే గదా బావూ.
గింజ సెడ్డది కాదు.
నూలులో ఉంటే తెగిపోతాది, అంతే."
ఎలా తెలుస్తుంది?
"యేలుకి తెలుస్తాది. ముందు తెలీదు.
వొడకగా వొడకగా."

ఇంటిదాకా నా వేళ్లు చూసుకుంటూ నడిచాను.

ఫోనులో ఒకాయన, తెల్లకోటు,
విత్తనం వెయ్యి, వెయ్యి రూపాయలే, నూరంతలు పండుతుంది అంటాడు.
రెండుసార్లు పంపాను, యెమీమా ఫీజులోంచి.
నోట్లో వాక్యం ఉంది కదా అని దువ్వలేదు.
మామిడాకుని అనుమానించిన కళ్లు ఇవే.

ఇంకోటి. చెప్పబోతే నాలుక తడారుతోంది.
పోయినేడు ప్రభువు బల్లకి చిన్న చిన్న గ్లాసులు కొన్నాం.
శుభ్రత అన్నాం. చేతులెత్తి ఒప్పుకున్నాం.
ఒకే గిన్నె తిరిగినన్నాళ్లూ
రెల్లివీధి బంగారయ్య తాగాక
తుడిచే గుడ్డ అంచుమీద రెండుసార్లు తిరిగేది.
తిప్పింది నేనే.
ఆ చెయ్యి కూడా నాగావళిలో మునిగిందే.

*

జాతరకి నేనింకా వెళ్లను.
సాయమ్మ ప్రసాదం పెడితే వద్దని
అక్కడే కూర్చుని మజ్జిగ తాగుతాను.
ఆవిడ నొచ్చుకోదు, లేదా నొచ్చుకున్నట్టు కనబడనివ్వదు.
పువ్వులు నా భార్య జడలోకి వచ్చాయి.
అమ్మకి ఆలస్యమైపోయింది.
కొన్ని ఇంకా చేతిలోనే ఉన్నాయి,
దూదో గింజో వేలికి అందడం లేదు.

నాన్న పోయి ఆరేళ్లు.
తోలు కాలాక మిగిలిన ఇనప చట్రాన్ని
బూడిదలోంచి తీసి పెరట్లో పెట్టాడాయన,
నీళ్లకుండకి కుదురుగా.
అన్నేళ్లూ ఆ నీళ్లే తాగి ప్రార్థనకి వెళ్లాను.

నిన్న కుండ దించి దాన్ని కడిగాను.
అంతా తుప్పు. ఒక్కచోట
ఆయన బొటనవేలు అరగదీసిన నునుపు.
యెమీమా వచ్చి చెంచాతో కొట్టి చూసింది.

తోలు ఇంకా కొనలేదు.
కుండ నేలమీద
కొంచెం వాలి ఉంది.