సంచి బరువు

ఎం.జి.ఎం. వెనక గల్లీల స్కానింగ్ సెంటర్.
రాత్రి తొమ్మిదిన్నర.
పట్నం డాక్టర్ ఫోన్ల అన్నడు:
"ఫిల్మును ఫొటో తీసి పంపితే నాకు ఆనది.
అసలు ఫైలే మెయిల్ జెయ్యి, పొద్దున ఏడింటికి చూస్త."

జోడించిన. పంపు అని నొక్కిన.
ఎర్రక్షరాలు లేచినయ్:
ఇరవై ఐదు ఎం.బి. దాటింది, పోదు.

ఇది నూట తొంభై ఆరు.
ఓదేలు నడుం.

ఆయన బెంచీ మీద ఒక్కపక్కకు ఒరిగి ఉన్నడు,
కూసుంటే కాలు గుంజుతది, పండితే వీపు.
ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఒక్కేండ్లు
తేజ, వండర్ హాట్, చపాట
ఏ కాయైనా ఆ మెడకు ఒకటే మంట.
తువ్వాల చుట్ట మీద బస్తా, బస్తా మీద ఎండ.
లారీ పలక ఎక్కుకుంట ఒక్కనాడన్నా
ఇంత దాటితే ఎత్తనని అన్లేదు.
ఆ మాట అనొచ్చని
ఇయ్యాల నా కంప్యూటర్ అన్నంక ఎరుకైంది.

"ఏమంటుంది బిడ్డా?"
"బరువైందట పెద్దయ్యా. మొయ్యదట."
నవ్విండు. నవ్వు నడుంల ఎక్కడనో తాకి
మధ్యలనే ఆగింది.
"మూడు నెల్ల సంది నాకే బరువైంది,
దాన్ని అని ఏం లాభం."

తొక్కి నింపరాదు అన్నడు.
కాయ పోసి కాళ్లతోని తొక్కితే
రెండు సంచులది ఒక్క సంచిల పడుతదట.
జిప్ చేసిన.
నూట తొంభై ఆరు, నూట ఎనభై అయింది. అంతే.
"ముందే తొక్కి ఉన్నది గావచ్చు," అన్నడు,
"ఇగ తగ్గేదేముంటది."

పోనీ లింకు పంపుత అన్న.
సరుకు ఒక తాన దాచి
చీటీ ఒక్కటే పంపుడు అని చెప్పిన.
"కోల్డ్ స్టోరేజీ బాండు," చటుక్కున అందుకున్నడు.
"నమ్మకు బిడ్డా.
మా తమ్ముడు నలభై బస్తాలు పెట్టి
బాండు కాయితం పట్టుకొని గేటు కాడ నిలవడ్డడు,
లోపల షార్ట్ సర్క్యూట్, బయట ఊరంత కారం పొగ.
సరుకే పోవాలె."

పంచిన.
ఇరవై నాలుగు చొప్పున నింపితే మల్ల ఎర్రక్షరాలు.
"సంచి బరువు తియ్యలేదు నువ్వు,"
కండ్లు మూసుకునే అన్నడు.
నిజమే. మెయిల్ల పడంగనే ఫైలు ఒళ్లు చేస్తది,
మూడు పాళ్లది నాలుగు పాళ్లు తూగుతది.
కోర్సుల చెప్పిన్రు, మర్చిపోయిన.
పద్దెనిమిదికి దించిన.
పది ముక్కలు.

ఒకటి, మెడ. పోయింది.
రెండోది ఎక్కుతుంటే
ఆయన పెదవులు కదులుతున్నయ్.
దడ్వాయి లెక్క తప్పుతడని
తన లెక్క తను పెట్టుకునే పాత అలవాటు.
ఐదోది సగంల ఉండంగ కరెంటు పోయింది,
ఐదును మల్ల మొదటి సంది ఎత్తిన.
ఏడోదాంట్ల నాలుగో పూస, ఐదో పూస,
వాటి నడుమ బయటికి ఉబ్బిన గింజ.
అది అన్నిటికంటే నెమ్మదిగ కదిలింది,
లేక నాకే అట్ల కనవడ్డదో.

తొమ్మిది పోయినయ్.
పదోది డెబ్బై శాతం కాడ నిలిచింది.
ఓదేలు బెంచీ అంచు పట్టుకొని లేచి
అంగి జేబుల చెయ్యి పెట్టిండు.
"పది బస్తాలు ఎత్తినవ్ గదా.
నీ హమాలీ ఎంత బిడ్డా?"

డెబ్బై ఒకటి.