వెనక సగం

నా బ్యాడ్జీ మీద కెరెన్ అనే ఉంటుంది.
మిగతాది పట్టలేదన్నారు ఆఫీసులో.
పట్టకపోవడం ఆ పేరుకి అలవాటే.
రేషన్ కార్డులో గుమాస్తా హకారం మింగేశాడు,
వ్యాసర్‌పాడి బడిలో తమిళ పిల్లలు
కరెంటు హుక్కు అని పిలిచారు,
మా తెలుగు వీధి మగపిల్లలు మాత్రం
పేరు తోక పట్టుకుని నవ్వారు.
ఎందుకు నవ్వారో ఇంట్లో చెప్పలేదు నేను.

ఎక్కడిది నాయనా ఈ పేరు అంటే
"బూడిదలో కూర్చున్న ఒక పెద్దాయన
అన్నీ పోయాక, మళ్ళీ అన్నీ వచ్చాక
మూడో కూతురికి పెట్టుకున్నాడు" అనేవాడు.
అర్థం ఆయనకీ తెలీదు.
మా గుడిసె కాలిన ఏడాది పుట్టాను నేను,
మూడోదాన్నే.
ఆయనకి ఆ లెక్క చాలింది.

సంఘంలో బొట్టు లేదు, గాజుల్లేవు, కాటుక లేదు.
పెళ్ళినాడు కూడా కడిగిన పలకే నా మొహం.
కావలి నుంచి వచ్చిన అవ్వ ఒక్కతే
రాత్రిళ్ళు ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి
మసి గీకి, కొబ్బరి చిప్పలో దాచేది.
ఎవరికే అంటే
"కళ్ళుండేవాళ్ళకి" అనేది.
పాస్టరమ్మ చూసింది.
చిప్ప బకింగ్‌హామ్ కాలవలోకి పోయింది.

పోయిన మంగళవారం, ఎగ్మూరు కంటాసుపత్రి,
పదకొండో మంచం ముసలాయన,
సెమినరీలో నలభై ఏళ్ళు హెబ్రీ చెప్పినాయన,
పొర తీసిన కంటితో మొదట చదివింది నా బ్యాడ్జీని.
"మిగతాదేదమ్మా?"
చెప్పాను, చాన్నాళ్ళకి, మొత్తం.
ఆయన నవ్వలేదు.
కెరెన్ అంటే కొమ్మంట, లోపల బోలుగా ఉండేది.
వెనక సగం, కాటుకంట.
ఆ కాలపు ఆడవాళ్ళు కంటి నలుపు దాచుకునే కొమ్ము.
"కాటుక బరిణె అని పిలుచుకున్నాడమ్మా
మీ నాయన నిన్ను."

చుక్కలమందు ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.
కాటుక పాపమని చెప్పిన గుడిలోనే
నలభై తొమ్మిదేళ్ళు
ఆ పేరుతోనే పిలిచి నాకు రొట్టె విరిచి ఇచ్చారు.
నవ్వొచ్చింది. నవ్వే అనుకుంటా.

నాయన గుర్తొచ్చాడు.
బేసిన్ బ్రిడ్జి షెడ్డులో ఇంజన్లకి బొగ్గెత్తి
సాయంత్రం ఎన్ని చెంబులు గుమ్మరించుకున్నా
రెప్పల అంచున సన్నటి నల్ల గీత మిగిలేది.
ఆ గీత తుడవడానికి
ఏ పాస్టరుకీ వాక్యం దొరకలేదు.

బుధవారం ఆపరేషన్లు ఇరవై రెండు.
ఒక కంటికి బదులు ఇంకో కన్ను కొయ్యకుండా
కనుబొమ పైన నల్ల మార్కరుతో చుక్క పెట్టడం నా పని,
పద్దెనిమిదేళ్ళుగా.
మొదటామె పెరియపాళయం నుంచి వచ్చింది.
భయపడి నా మణికట్టు పట్టుకుని
నీ పేరేంటమ్మా అంది.
మార్కరు మూత పళ్ళతో లాగి
వెనక సగంతో సహా చెప్పాను.
రెండుసార్లు చెప్పించుకుంది.