వంతు నీరు

పోయినసారి పదకొండు సెకన్లు ఎక్కువయ్యాయి.
పదహారు వందల మీటర్లు. చివరి మలుపులో
డొక్కలో ఎవరో కత్తిపెట్టి బొండం చెక్కుతున్నట్టు నొప్పి.
గీత దాటాక నంబరెంతని అడిగారు,
చెప్పడానికి నోట్లో గాలి లేదు.
విజిలాయన నా గుండె మీద కాగితం తనే చదువుకుని
లిస్టులో కొట్టేశాడు.

ఆ రాత్రి నుంచీ కసి.
రోజూ కాలవగట్టు మీద, రోజూ ఉన్న ఊపిరంతా,
లాకుల నుంచి ఇటుకబట్టీ దాకా చచ్చేట్టు పరుగు.
నెల తిరిగేసరికి పిక్కలు రాళ్ళయ్యాయి.
టైము మాత్రం అక్కడే,
గుర్రపుడెక్కలో ఇరుక్కున్న నావలా.

లాకు పలక మీద బీడీ నలుపుతూ
లస్కరు ఏసుపాదం గారన్నారు:
"ఏమ్మా రత్నవేణీ, రోజూ తలుపులెత్తేస్తావేంటి?
గట్టు తెగిపోదూ?"

పరుగంటే ఆయనకేం తెలుసు? కుడిమోకాలు వంగదు.
తెలిసింది నీరు.
దాళ్వాలో గోదారి సన్నబడితే
ఈ కాలవకి వంతులు కట్టేది ఆయనే.

"ఎత్తిన రోజు నిండా ఎత్తాలి.
దించితే పూర్తిగా దించాలి.
సగం సగం ఎత్తావనుకో, శివారు చేలకి తడే అందదు.
అలాగని వంతుల మధ్య కాలవ ఎండబెట్టకూడదమ్మా.
సన్నగానైనా పారుతుండాలి.
అడుగు బీటలిచ్చిందా,
వచ్చిన వంతంతా కాలవే తాగేస్తాది."

ఇంటికెళ్ళి నోటుబుక్కులో
కరెంటు అఫైర్స్ కింద రాసుకున్నాను.

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం స్తంభాలు.
నాలుగు స్తంభాల దూరం పరుగు,
రెండు స్తంభాల నడక.
ఎనిమిది సార్లు.
అయిదోదానికి నాలిక మీద ఇనుము రుచి.
ఏడోదంటే నాకు చచ్చేంత చిరాకు,
ఎనిమిదోది పాపం, అయిపోతుందని మంచిగా ఉంటుంది.
నడిచే రెండు స్తంభాల్లోనే లోకం కనిపిస్తుంది:
రొయ్యల చెరువులో తెల్లారేదాకా తిరిగి
ఇంకా తిరుగుతున్న ఏరేటర్లు,
పీచు గుట్ట మీద పొగమంచు,
తూము నోట్లో వలేసి నిద్రపోతున్న కుర్రాడు.

మిగతా రోజులు కనకవల్లితో నెమ్మది పరుగు.
దాని చీటీ పాట గొడవ ఒక కిలోమీటరు,
ఆడపడుచు సంగతి రెండు కిలోమీటర్లు.
నేను 'ఊఁ' కొట్టలేకపోయానంటే
వేగం ఎక్కువైనట్టే లెక్క.
నిజం చెప్పొద్దూ, ఇదే కష్టం.
పాలక్యాన్ల మోపెడ్డు దాటేస్తుంది,
స్కూలు సైకిళ్ళు దాటేస్తాయి,
ఒకసారి తాటిముంజెల గంపతో ఓ మామ్మ కూడా
దాటినంత పని చేసింది.
రొప్పుతూ పరిగెత్తడానికి కండ చాలు,
రొప్పకుండా పరిగెత్తడానికి
సిగ్గు చంపుకోవాలి.

పొద్దున్నే లేవకుండా, చాప మీదే
మణికట్టు పట్టుకుని లెక్కపెడతాను.
ఉగాదికి డెబ్భై తొమ్మిది.
తొలకరికి అరవై ఆరు.
లోపల ఎవరో తలుపు దించి
నెమ్మదిగా తాళం వేసుకున్నట్టుంది.

నిన్న టైము చూద్దామనుకున్నాను.
బట్టీ దాకా వెళ్ళి రావడం, సరిగ్గా పదహారొందలు,
తాడుతో కొలిచాం.
ఏసుపాదం గారి చేతికి ఫోనిచ్చి
ఈ గుర్తు నొక్కండి, రాగానే మళ్ళీ నొక్కండి అన్నాను.
పరిగెత్తాను.
చివరి నాలుగు స్తంభాలూ శుక్రవారంలా పరిగెత్తాను.
వచ్చి చూస్తే
ఆయన లాకు చక్రం తిప్పుతున్నారు,
ఫోను చొక్కా జేబులో.
"ఎగువ నుంచి నీరెక్కువొచ్చేసిందమ్మా,
నొక్కడం మర్చిపోయాను."

ఆగకుండా తిట్టాను.
మోకాలిని, బీడీని, ఇరిగేషన్ డిపార్టుమెంటుని,
ఒక్క మాట తడబడకుండా.

ఆయన చక్రం ఆపి
నా వైపు చూసి నవ్వారు.
"ఆయ్, పోయినసారి నంబరు కూడా చెప్పలేకపోయావన్నావుగా?"