ఎవులింటిది

మూడో ఏడు ఈ హ్యాకర్ల సదస్సు. రుషికొండ హోటల్లో
ఏసీ చలికి స్వెటర్లేసుకున్న కుర్రాళ్లు,
మెడల్లో మిణుకుమనే బ్యాడ్జీలు,
ఇక్కడి వైఫైని నమ్మొద్దని గోడమీద కాగితం.

తాళాల బల్ల దగ్గరికి ఈసారి
పూర్ణా మార్కెట్ సన్నిబాబుని పిలిచాం.
జేబులో రెండు ఇనప పుల్లలు,
గోళ్లలో ఆకురాయి పొడి.

రాత్రంతా మేం కుస్తీపట్టిన జర్మన్ తాళాన్ని
చెవి దగ్గర పెట్టుకుని
కాసేపు ఊరుకున్నాడు.
తియ్యలేదు.
"ఇది ఎవులింటిది?"

ఎవరిదీ కాదు, ఆటకి, అన్నాం.

"తాళవన్నాక ఇల్లుండదేటి?"

మొన్న అర్ధరాత్రి
ఒక ఆస్పత్రి సర్వర్లోకి ఊరికే, ఊరికే
తొంగిచూసొచ్చిన నేను
బ్యాడ్జీ దీపం ఆర్పేసుకున్నాను.

ఆయన టీలో బిస్కట్టు ముంచుతున్నాడు.
తాళం మూసే ఉంది.