నన్ను దిద్దు

ఆ ఫైలు పేరే "నన్ను దిద్దు".
ఎవరు పెట్టారో గానీ, పలక లాంటి పేరు.
వెయ్యి పైచిలుకు వరసలు, దాదాపు ప్రతిదాని ముందూ
రెండు నిలువు, రెండు అడ్డం, చిన్న కంచెముక్క.
కంచె ఉన్నంతసేపూ ఆ వరస మూగది.
చెరిపితే మాట్లాడుతుంది.

వార్డో రేవు ఆఫీసులో జనవరి.
పదకొండింటికి కిటికీ నీలమై
ఒంటిగంటకల్లా మళ్ళీ మూసుకుంటుంది.
బయట కాడ్ చేపల కోసం ఖాళీ కర్రపందిళ్ళు.
ఐలర్ట్ వదిలి వెళ్ళిన కుర్చీలో కూర్చుని
మెయిల్ సర్వరుని మూలం నుంచి కడుతున్నాను.
సిద్ధంగా దొరికేది ఈ పాత యంత్రానికి పట్టదు.

ఎక్కడ ఉండాలి? అని అడిగింది, చోటు చూపించాను.
ఎవరి పేరున నడవాలి?
తొందరలో రూట్ అని రాశాను.
పొమ్మంది. సర్వాధికారి పేరున ఉత్తరాలు మోయనంది.
సరే, మామూలు మనిషినొకణ్ణి పుట్టించి
గుంపులో చేర్చి, నంబరు తగిలించి,
ఇల్లూ వాకిలీ లేకుండా వదిలాను.
అప్పుడు ఊ కొట్టింది.

అడిగినప్పుడే చెప్పాలి దీనికి.
కట్టేటప్పుడు నేర్పని విద్య
నడిచేటప్పుడు ఎంత బతిమాలినా రాదు.
మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఈ దీవిలో మానులు లేవు, గాలి ఉండనివ్వదు.
సర్వరు ఉంది.

ఐలర్ట్ పాత ఫైలు పక్కనే తెరిచి పెట్టుకున్నాను.
ఇరవై రెండేళ్ళ దిద్దుబాట్లు.
"ఇక్కడ చెయ్యి పెట్టకు, ఒక రాత్రంతా ఏడ్చాను."
"ఈ దారి తప్పు. అయినా పనిచేస్తుంది."
ఒక్కచోట మాత్రం:
"మూటకట్టిన ఉత్తరాలు. దీన్ని మూయకు.
కారణం వసంతంలో చెబుతా."
ఏ వసంతమో రాయలేదు.

మూటకట్టిన ఉత్తరాలా, ఈ కాలంలోనా?
నవ్వుకుని కంచె వేశాను.
మేక్ అన్నాను.
పన్నెండో నిమిషంలో ఆగింది, హెడర్ ఫైలొకటి కనిపించలేదని.
దారి చూపించాను. మళ్ళీ మొదటి నుంచి.
కాఫీ రెండుసార్లు చల్లారింది.
చివరికి ఒక్క హెచ్చరికా లేకుండా పూర్తయింది.
అంత నిశ్శబ్దాన్ని అనుమానించాల్సింది.

గురువారం పొద్దున గుమ్మంలో ఒడ్మున్,
పీతల పడవ వాడు, గడ్డం నిండా మంచు.
"ఎర ఏది?
నాలుగు టన్నుల హెర్రింగ్ చెప్పాను, ఆదివారమే."
అరవలేదు. అరిస్తే బాగుండేది.
అతని పడవలో పాత శాటిలైట్ పెట్టె,
పోగుపడిన మాటలన్నీ ఒక మూటగా కట్టి
రేటు తగ్గే రాత్రి ఒకేసారి విసురుతుంది.
మూట వచ్చింది.
విప్పడం నా సర్వరుకి రాదు.
నేనే నేర్పొద్దన్నాను.

ఐలర్ట్ ఇప్పుడు రేవు చివర షెడ్డులో
గాలాలు సరిచేస్తాడు. వెళ్ళి నిలబడ్డాను.
తలెత్తకుండానే "వసంతం వచ్చిందా?" అన్నాడు.
"ఒడ్మున్ వచ్చాడు" అన్నాను.
చిక్కుపడ్డ తాడు కొస నా చేతిలో పెట్టాడు, పట్టుకోమని.
అరగంట పట్టుకున్నాను.
అంతే మా మాటలు.

మర్నాడు ఆ ఒక్క కంచెముక్కనీ చెరిపి
కింద ఒక వరస చేర్చాను:
"ఒడ్మున్ పడవ కోసం. అతను పెట్టె మార్చేదాకా. తూర్బోర్గ్."
ఏ వసంతానికీ వాయిదా వేయలేదు.

ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కునే చివరి మెట్టులో
కోట మీద తుపాకి పేలింది.
రెండు నెలల తర్వాత సూర్యుడు
పూర్తిగా పైకొచ్చాడన్నమాట.
బడి వదిలేశారు, పిల్లల కేకలు కిటికీ దాటి పోయాయి.

నేను చూడలేదు.
తెర మీద ఆదివారపు మూట విప్పుకుంటోంది:
హెర్రింగ్, నాలుగు టన్నులు.
చేతి తొడుగులు, ఆరు జతలు.
బంగాళాదుంపలు, రెండు బస్తాలు,
మరీ చిన్నవైతే వద్దు.